పై పదవికి చేరాక కూడా లీడర్లు నేర్చుకుంటూనే ఉండాలా?

ఉండాలి, ఎందుకంటే లీడర్‌ను ఆ కుర్చీ దాకా తెచ్చిన నైపుణ్యమూ ఆ కుర్చీలో చేయాల్సిన పనీ ఒకటి కావు. పైగా ఆ పని కూడా ఏళ్లు గడిచేకొద్దీ మారిపోతుంది.

మంచి ఇంజనీర్‌ను మేనేజర్‌ని చేస్తే, అంతవరకూ తన చేత్తో చేసిన పనిని ఇకపై ఇతరుల చేత చేయించాలి. మనుషుల్ని ఎంచుకోవడం, డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చడం, అరకొర సమాచారంతో నిర్ణయం తీసుకోవడం, ఇవేవీ ప్రమోషన్‌తో పాటు వచ్చిపడవు. అసలు చిక్కు ఇంకోటి ఉంది. హోదా పెరిగేకొద్దీ తప్పును మొహం మీద చెప్పేవాళ్లు తగ్గిపోతారు. కింద ఉన్నప్పుడు పై అధికారి దిద్దుతాడు; పైకి వెళ్లాక ఎవరికి వారే దిద్దుకోవాలి.

ఇంటెల్ సంగతే చూడండి. 1985లో ఆ కంపెనీ మెమరీ చిప్‌ల వ్యాపారం వదులుకుని, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌ను నడిపే చిప్‌లైన మైక్రోప్రాసెసర్లనే నమ్ముకోవాలని నిర్ణయించింది. అప్పటి ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ డాక్టరేట్ చేసింది కెమికల్ ఇంజనీరింగ్‌లో. కొత్త దారిలో నడవాలంటే సాఫ్ట్‌వేర్ ప్రపంచం అర్థం కావాలి. అందుకే ఆ రంగం వాళ్లను కలిసి, తెలియనివి అడిగి తెలుసుకోవడానికి ఆయన ప్రత్యేకంగా సమయం కేటాయించుకున్నాడు.

నేర్చుకోవడమంటే ఖరీదైన కోర్సు, గోడకు తగిలించే సర్టిఫికెట్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కోర్సులు చెడ్డవని కాదు. బెడిసికొట్టిన నిర్ణయాన్ని టీమ్‌తో కూర్చుని విప్పి చూసుకోవడం, తనకు పట్టులేని విషయాన్ని జూనియర్‌ను అడగడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వీటికి ఫీజు ఉండదు, కాస్త అహం చంపుకోవాలంతే.