గుర్రాలకు దాణా వేసిన పాలేరు దొంగేనా?

ప్రశ్న: మేం పదిహేనేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నా భార్యది సఫోక్ కౌంటీలోని ఒక పల్లె. మా అత్తగారి ముత్తాత ఆ ఊళ్లో ఒక రైతు దగ్గర గుర్రాలు తోలే పాలేరు. 1863లో యజమాని గాదెలోంచి ఓట్స్ తీశాడని ఆయన్ను జైల్లో పెట్టారు. యజమాని గుర్రాలకే వేశాడు తప్ప ఇంటికి తీసుకెళ్లలేదని మా వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రెండేళ్ల కిందట వచ్చిన ఊరి చరిత్ర పుస్తకంలో ఆయన్ను ‘దొంగ’ అని రాశారు. అది చదివి అత్తగారు అన్నం మానేశారు. ఆ పుస్తకం వేసినవాళ్ల మీద, ఆ రైతు వారసుల మీద పరువు నష్టం కేసు వేయవచ్చా? శిక్ష రద్దు చేయించవచ్చా? గుర్రాలకే వేశాడని నాకు స్వయంగా తెలిసినట్టు డిక్లరేషన్ మీద సంతకం పెడితే పని చేయిస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, ఇంగ్లండ్

జవాబు: మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, శిక్ష పడిన తేదీ తప్ప. మీ కేసు మొత్తం ఆ తేదీ మీదే ఉంది. మీరు జతచేసిన కాగితం కోర్టు రికార్డు కాదు, వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఎవరో టైప్ చేసిన ఒక్క లైను. ఇన్ని తరాలు మోసిన బాధ కోసం ఒక్క పూట రికార్డులు వెతకలేకపోయారా?

తేదీ ఎందుకో చెబుతాను. 1816లో రెక్స్ వర్సెస్ మోర్ఫిట్ అనే కేసు వచ్చింది. పాలేర్లు దొంగ తాళంచెవితో గాదె తెరిచి, గింజలు తీసి యజమాని గుర్రాలకే పెట్టారు. అయినా అది దొంగతనమే అన్నారు ఎక్కువమంది న్యాయమూర్తులు. గుర్రాలు పుష్టిగా ఉంటే తోలేవాడికి పని తేలికవుతుంది, అదే వాడికి లాభం అని వాళ్లలో కొందరి వాదన. ఈ తీర్పు ఎప్పుడు చదివినా నాకు మనసు కష్టపడుతుంది. తన జోడీ నిగనిగలాడుతూ చాలు దున్నుతుంటే పాలేరుకు అదే గొప్ప. యజమాని కొలిచి పోసిన దాణా సరిపోలేదని ఇంకో దోసెడు వేసినవాడూ, బస్తా అమ్ముకున్నవాడూ చట్టం కళ్లకు ఒకటే అయ్యారు. 1861 లార్సెనీ (దొంగతనాల) చట్టం ప్రకారం యజమాని సొత్తు దొంగిలించిన పనివాడికి 14 ఏళ్ల వరకూ శిక్ష వేయవచ్చు.

1863 జులై చివర్లో పార్లమెంటు దీన్ని మార్చింది. యజమాని మాట కాదని దాణా తీసి ఆయన పశువులకే పెడితే అది ఫెలొనీ (దొంగతనంలాంటి పెద్ద నేరం) కాదని చట్టం చేసింది. ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు విచారణ, మూడు నెలల వరకూ జైలు లేదా 5 పౌండ్ల వరకూ జరిమానా, అంతే. మీ పెద్దాయన కేసు ఏప్రిల్‌లో నడిస్తే ఆనాటి చట్టం లెక్కలో దొంగ. అక్టోబరులో ఈ కొత్త చట్టం కింద నడిస్తే దొంగ కాదు, చెప్పిన మాట విననివాడు మాత్రమే.

ఇక సాక్ష్యం. ఓట్స్ గుర్రాల తొట్టిలో దొరికాయా, ఆయన ఇంట్లో పంది తొట్టిలో దొరికాయా? రెండోదైతే ఏ తేదీ అయినా మీకు పనికిరాదు. ఇంట్లో చెప్పుకునే మాట విన్నమాటే. ముద్దాయి తన తరఫున తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే వీలు అన్ని కేసుల్లోనూ 1898లో గానీ రాలేదు. కాబట్టి పెద్దాయన వాంగ్మూలం దొరుకుతుందని ఆశపడకండి, రైతు ఏం చెప్పాడో వెతకండి.

పరువు నష్టం దావా మాట మరచిపోండి. చనిపోయినవారి తరఫున ఆ దావా చెల్లదు, బతికి ఉన్నా గడువు ఏడాదే. రైతు వారసులు చేసిన తప్పేమీ లేదు. చనిపోయినవారి శిక్ష మీద అప్పీలుకు కుటుంబం అనుమతి అడగాల్సింది మరణించిన ఏడాదిలోపే. ఆ తర్వాత మిగిలే దారి, పాత శిక్షలను పరిశీలించి కేసును మళ్లీ కోర్టుకు పంపగల క్రిమినల్ కేసెస్ రివ్యూ కమిషన్. 1953లో ఉరితీసిన డెరెక్ బెంట్లీ శిక్ష 1998లో రద్దయింది ఆ దారిలోనే. తర్వాత చట్టం మారిందన్న ఒక్క కారణంతో పాత శిక్షను కొట్టేస్తారని మాత్రం అనుకోకండి.

ఆ డిక్లరేషన్ మీద సంతకం పెట్టకండి. ఏజెంట్‌కు పైసా ఇవ్వకండి. 1863 నాటి సంగతి మీకు స్వయంగా తెలుసని రాస్తే అది తెలిసి చెప్పిన అబద్ధం. 1911 పెర్జురీ (అబద్ధ ప్రమాణాల) చట్టం కింద దానికి రెండేళ్ల వరకూ జైలు. ముత్తాత పేరు కడగబోయి మీరు ముద్దాయి కావద్దు.

ముందు ఇప్స్‌విచ్‌లోని సఫోక్ ఆర్కైవ్స్‌కు వెళ్లండి. క్వార్టర్ సెషన్స్ (పెద్ద కోర్టు), పెటీ సెషన్స్ (మేజిస్ట్రేట్ల చిన్న కోర్టు) రికార్డులు రెండూ అడగండి. పెద్ద కోర్టులో కేసు నడిచి ఉంటే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 1805 నుంచి 1892 దాకా ఉన్న క్రిమినల్ రిజిస్టర్లలో పేరు దొరకాలి. చిన్న కోర్టులో నడిస్తే వాటిలో ఉండదు, అప్పుడు ఇప్స్‌విచ్ జర్నల్ పత్రిక పాత సంచికలు తిరగేయండి. కాగితం చేతికొచ్చాక పుస్తకం వేసినవాళ్లకు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. జులై తర్వాత కొత్త చట్టం కింద పడిన శిక్ష అయితే ‘దొంగ’ అన్న మాట తీసేయమని అడగండి. ముందుది అయితే, ఆ ఏడాదే చట్టం మారిందన్న వాక్యం పక్కన చేర్చమనండి. ఉత్తరంతో పాటు రికార్డు కాపీ పెట్టండి, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.