దుబాయ్ ఉద్యోగం: టికెట్ కొనే ముందు రోజులు లెక్కేసుకోండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు చివర్లోగానీ, దసరా అయ్యాకగానీ చేరొచ్చన్నారు. ఎన్నారైలకు అక్కడి జీతంపై ఇక్కడ పన్ను ఉండదట కదా! నా ఎఫ్‌డీలు, పీపీఎఫ్ ఏం చేయాలి?

జవాబు: వీసా రాగానే ఎన్నారై అయిపోరు. ఉద్యోగానికి విదేశం వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులకంటే తక్కువ ఉండాలి. ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తే సెప్టెంబరు 28కి 181 రోజులు. విమానం ఎక్కిన రోజునూ ఇందులో కలుపుకోవాలి. దసరా అయ్యాక వెళ్తే పన్ను లెక్కలో మీరు ఇక్కడి నివాసి (రెసిడెంటు) కిందే లెక్క. మార్చి వరకు వచ్చే దుబాయ్ జీతం మీ బెంగళూరు జీతానికి కలుస్తుంది. కొత్త పన్ను విధానంలో రూ.24 లక్షలు దాటిన భాగంపై 30 శాతం, దానిపై సెస్సు కట్టాలి. అక్కడ జీతంపై పన్ను లేదు కాబట్టి ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు.

చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. సెప్టెంబరు 25న వెళ్లి, పండక్కి వారం రోజులు వస్తే అప్పటిదాకా ఉన్న 178 రోజులకు ఆ ఏడు రోజులూ కలిసి 185 అవుతాయి. పండగ ఇంట్లో చేసుకోవాలనుంటే సెప్టెంబరు మొదటివారంలోనే వెళ్లిపోండి. పాస్‌పోర్టు ముద్రలు, బోర్డింగ్ పాసులు భద్రపరచండి.

182 రోజులకంటే తక్కువే ఉన్నా, ఈ ఏడాది మీ భారత ఆదాయం రూ.15 లక్షలు దాటితే, అక్కడ పన్ను లేనందున చట్టం మిమ్మల్ని రెసిడెంటుగా భావించే వీలుంది. అయితే అది ‘నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్’ హోదా. దుబాయ్‌లో పనిచేసి అక్కడే అందుకున్న జీతంపై అప్పుడూ పన్ను పడదు. అందుకే జీతాన్ని ముందు దుబాయ్ ఖాతాలో వేయించుకుని, తర్వాత ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (ఎన్నారైలు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) పంపండి. ఆ ఖాతా వడ్డీపై పన్ను లేదు.

ఇప్పుడున్న సేవింగ్స్ ఖాతాను, ఎఫ్‌డీలను వెళ్లగానే ఎన్‌ఆర్‌వోగా (ఎన్నారైలు భారత ఆదాయం దాచుకునే ఖాతా) మార్పించాలి. వాటి వడ్డీపై బ్యాంకు 31.2 శాతం టీడీఎస్ కోస్తుంది. ఫారం 15జీ ఇచ్చి ఆ కోత ఆపించుకునే వీలు ఎన్నారైకి లేదు. ఎక్కువ కోస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. భారత్-యూఏఈ పన్ను ఒప్పందం ప్రకారం వడ్డీపై 12.5 శాతమే. కానీ దానికి అక్కడి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ (పన్ను లెక్కలో అక్కడి నివాసి అనే ధ్రువపత్రం) కావాలి. పైగా ఒప్పందం ప్రకారం ఆ క్యాలెండర్ ఏడాదిలో యూఏఈలో 183 రోజులు ఉండాలి కాబట్టి మీకు ఈ ఏడాది కుదరదు.

పీపీఎఫ్ మూసేయక్కర్లేదు. గడువు తీరేవరకు కట్టుకోవచ్చు, పొడిగించుకోవడం మాత్రం కుదరదు.