పాట గెలిచిన పద్నాలుగేళ్లకు గాయకుడు గెలిచాడు

చిరంజీవికి,

అమెరికా కంట్రీ (అక్కడి పల్లె బాణీ) గాయకుడు, గీత రచయిత విల్లీ నెల్సన్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శ్రద్ధ కనిపిస్తోంది. కానీ అందులో 1933లో టెక్సస్‌లోని ఆబట్ అనే చిన్న ఊళ్లో పుట్టడం, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరం చేరడం, పాటలు రాయడం, స్టార్ కావడం అన్నీ ఒకదాని వెంట ఒకటి సాఫీగా జరిగిపోయాయి. అతను రాయగా ఫారన్ యంగ్ పాడిన ‘హలో వాల్స్’ 1961లో కంట్రీ చార్టులో, అంటే ఆ బాణీ పాటల ఆదరణ పట్టికలో, తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. గాయకుడిగా అతనికి ఆ స్థానం దక్కింది 1975లో. మధ్యలోని పద్నాలుగేళ్లను ‘ఎన్నో కష్టాలు పడ్డాడు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. నువ్వు అసలు రాయాల్సింది ఆ పద్నాలుగేళ్ల గురించే.

ముందు డబ్బు సంగతి తేల్చు. ‘ఫ్యామిలీ బైబిల్’ను 50 డాలర్లకు, ‘నైట్ లైఫ్’ను 150 డాలర్లకు హక్కులతో సహా అమ్మేసుకున్నాడు. మొదటిదాన్ని 1960లో క్లాడ్ గ్రే పాడితే చార్టులో ఏడో స్థానానికి వెళ్లింది. రాసినవాళ్ల పేర్లలో మాత్రం విల్లీ లేడు. నాష్‌విల్‌లో హ్యాంక్ కాక్రన్ అనే గీత రచయిత, తనకు పాంపర్ మ్యూజిక్ అనే పాటల పబ్లిషింగ్ సంస్థ పెంచబోయిన వారానికి 50 డాలర్లను వదులుకుని, ఆ సొమ్ముతో విల్లీని పనిలో పెట్టించాడు. ‘హలో వాల్స్’ను కూడా 500 డాలర్లకు అమ్మజూపితే ఫారన్ యంగ్ కొనలేదు, ఆ డబ్బు అప్పుగా ఇచ్చాడు. ఆ ఉపకారం ఎంత పెద్దదో పాఠకుడికి తెలియాలంటే లెక్క చూపించాలి. 1909 నాటి చట్టం ప్రకారం అప్పట్లో రికార్డు ఒక్కటి అమ్ముడైతే పాటకు రెండు సెంట్లు. మామూలుగా సగం పబ్లిషర్‌కు, సగం రచయితకు. పది లక్షల కాపీలు పోతే రచయిత వాటా పదివేల డాలర్లు. రేడియోలో మోగితే వచ్చేది వేరే. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట రాసినవాళ్లకు చెల్లిస్తాయి, పాడినవాళ్లకు చెల్లించవు. ఈ ముక్క తప్పక రాయి. పాటకింత అని ఒకేసారి పుచ్చుకునే పద్ధతి తెలిసిన మనవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. మన దగ్గర సినిమా పాట రాసినవాళ్ల రాయల్టీ హక్కును నిర్మాత రాయించుకోవడానికి వీల్లేకుండా చేసింది 2012 నాటి కాపీరైట్ సవరణ. ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు.

తర్వాత గొంతు. ‘విలక్షణమైన గాత్రం’ అన్న మాట కొట్టెయ్, దానివల్ల ఎవరికీ ఏమీ వినిపించదు. అతను చేసే పని చెప్పు. తాళం దెబ్బ పడే చోట మాటను పడనివ్వడు. కాస్త ఆగి అందుకుంటాడు, ఒక్కోసారి ముందే అనేసి పాదం చివర ఖాళీ వదులుతాడు. వెనక వాయిద్యాలు మాత్రం తాళం మీదే నడుస్తుంటాయి. గాయని ప్యాట్సీ క్లైన్ 1961 ఆగస్టులో విల్లీ రాసిన ‘క్రేజీ’ రికార్డు చేస్తూ, మొదట డెమోలో (నమూనా రికార్డింగులో) విల్లీ పాడిన తీరునే పట్టుకోబోయి ఇబ్బందిపడింది. పైగా జూన్‌లో జరిగిన కారు ప్రమాదంలో పక్కటెముకలు దెబ్బతిని పై స్వరాలు అందలేదు. నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ ముందు వాయిద్యాలు రికార్డు చేయించి, ఆమె కోలుకున్నాక గొంతు విడిగా కలిపాడు. అప్పటికి ఆమె తనకు నప్పిన పద్ధతి దొరకబుచ్చుకుంది.

మరి తన పాటలు విల్లీయే పాడితే ఎందుకు అంతగా అమ్ముడుపోలేదు? లిబర్టీ, ఆ తర్వాత ఆర్‌సీఏ రికార్డు కంపెనీలు అతని పాటలకూ వయొలిన్లు, కోరస్ దట్టంగా వేయించాయి. ఆ నునుపైన నేపథ్యం ప్యాట్సీ గొంతును ఎత్తి పట్టింది. విల్లీ కావాలని వదిలిన ఖాళీలను పూడ్చేసింది. నా దృష్టిలో ఆ ఖాళీలే అతని గానం. అయినా ఆర్‌సీఏలో అతని నిర్మాత చెట్ ఆట్కిన్స్‌ను విలన్‌ను చేయకు. ఆనాడు కంట్రీ పాటను నగరాల రేడియోలకు చేర్చింది ఆ పద్ధతే, ఆయనకు విల్లీ రచన మీద గౌరవమూ ఉంది. గాయకుడిగా ఒక్క విజయమూ లేదని రాసిన వాక్యం కూడా తీసెయ్. 1962లో ‘టచ్ మీ’ ఏడో స్థానం చేరింది. ఇలాంటి తప్పు ఒకటి పట్టుబడితే పాఠకుడు మిగతా వ్యాసాన్నీ అనుమానిస్తాడు.

1970 డిసెంబరులో ఇల్లు కాలిపోయిన సంఘటనకు పేజీన్నర ఇచ్చావు. మూడు వాక్యాలు చాలు. 1972లో టెక్సస్‌లోని ఆస్టిన్ చేరడం, అట్లాంటిక్ కంపెనీకి చేసిన రెండు ఆల్బమ్‌లు ఒక పేరాలో చెప్పేయ్. మిగిలిన చోటంతా 1975 నాటి ఆల్బమ్ ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’కు ఇవ్వు. కొలంబియా రికార్డు కంపెనీతో ఒప్పందంలో, ఎలా పాడాలో ఎలా రికార్డు చేయాలో తేల్చేది తానే అన్న షరతు ఉంది. అతని పేరు నిలబెట్టిన కాగితం అది. 1975 జనవరిలో టెక్సస్‌లోని గార్లండ్‌లో, తనతో ఊరూరా తిరిగే బృందంతోనే రికార్డు చేశాడు. తన నైలాన్ తీగల గిటార్, అక్క బాబీ పియానో, మిక్కీ రాఫేల్ మౌతార్గాన్, తగ్గి వాయించే డ్రమ్స్, బాస్. వయొలిన్ల దండు లేదు, కోరస్ లేదు. కంపెనీ పెద్దలు విని, ఇదింకా డెమోనే అనుకున్నారు. ఈసారి ఖాళీలు అలాగే ఉండిపోయాయి.

నువ్వు ప్రస్తావించనే లేని విషయం ఒకటుంది. ఈ ఆల్బమ్‌లోదే, అతన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టిన ‘బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్’ అతను రాసింది కాదు. 1940ల నాటి ఫ్రెడ్ రోజ్ రచన. ఏళ్ల తరబడి ఇతరులకు పాటలు రాసిన క్రిస్ స్టేపుల్టన్‌కు 2015లో గాయకుడిగా పేరు తెచ్చిన ‘టెనసీ విస్కీ’ కూడా డీన్ డిల్లన్, లిండా హార్గ్రోవ్ రాసిందే. రాయడం, పాడడం రెండు వేర్వేరు వృత్తులని నీ వ్యాసం మొదటి నుంచీ చూపించుకుంటూ వస్తే ఈ సంగతి దానంతట అదే అర్థమవుతుంది. చివర్లో వింతగా చెబితే తేలిపోతుంది.

తిరగరాసే ముందు ప్యాట్సీ ‘క్రేజీ’నీ, 1962 తొలి ఆల్బమ్‌లో విల్లీ పాడిన ‘క్రేజీ’నీ హెడ్‌ఫోన్స్‌తో విను. వేలితో తాళం వేస్తూ, మాట ఎక్కడ పడుతోందో కాగితం మీద గుర్తుపెట్టుకో. ఆ తేడా నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే గొంతు గురించి రాయాల్సిన భాగం తయారైనట్టే. ప్రతి పాట పక్కనా రాసినవాళ్లు, పాడినవాళ్లు, ఏడాది మూడూ ఉండాలి. నీ ప్రతిలో ‘నైట్ లైఫ్’ను, దాన్ని పాడిన రే ప్రైస్ రాసినట్టు పడింది, అది ముందు దిద్దు.

ఆశీస్సులతో