నాన్న పేరిట ఉన్న పాత యెజ్డి: ఆర్‌సీ గడువు తీరిపోయాక మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు 1982లో కొన్న యెజ్డి రోడ్‌కింగ్ ఇంటి వెనక షెడ్డులో పడి ఉంది. ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది. చివరిసారి 2007 వరకు రెన్యువల్ చేయించినట్టు ముద్ర ఉంది. ఆయన 2016లో కాలం చేశారు. అమ్మ, చెల్లెలు, నేను ఉన్నాం. నాన్నమ్మ కూడా మాతోనే ఉంటుంది. ఇంజిన్ పట్టేసింది. దాన్ని విప్పి బాగుచేయడం కంటే వేరే ఇంజిన్ తెచ్చి బిగిస్తే చవక అని మెకానిక్ అంటున్నాడు. వింటేజ్ నంబర్ తీసుకుంటే ఏ గోలా ఉండదని స్నేహితులు చెబుతున్నారు. ఆర్‌సీలో ఆంధ్రా బ్యాంక్ హైపోథికేషన్ (అప్పుకు బండి తాకట్టు) అని కూడా రాసి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందుగా మెకానిక్‌ని ఆపండి. ఇంజిన్ మార్పు గురించి కింద వివరంగా రాశాను. అది చదివేదాకా బండి మీద ఒక్క నట్టు కూడా విప్పించొద్దు. పాత బండ్ల విషయంలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. పెయింటు, క్రోమ్, ఇంజిన్ అన్నీ అయ్యాక ఆర్‌టీఓ ఆఫీసుకు వెళితే నంబరు సరిపోలలేదనో, రికార్డు లేదనో ఫైలు ఆగిపోతుంది. కాగితం తేలాకే స్పానర్ పట్టాలి.

వింటేజ్ నంబర్ మాట ఒక్క ముక్కలో తేల్చేస్తాను: మీ బండికి అది రాదు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 81ఎ నుంచి 81జి వరకు ఉన్న రూల్స్ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన బండే వింటేజ్. మీది 2032లో గానీ ఆ గీత దాటదు. పైగా ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులేవీ జరగకుండా అసలు రూపంలోనే ఉండాలి. ఒకవేళ అర్హత ఉన్నా మీకు నేను సిఫారసు చేయను. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు కొట్టించుకోవడానికో, రిపేరుకో తీసుకెళ్లవచ్చు గానీ రోజువారీ తిరగడానికి వీల్లేదు. రీ-రిజిస్ట్రేషన్ ఫీజు రూ. 5,000, చెల్లుబాటు పదేళ్లు. ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ప్లేటు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ బజారుకు వెళ్లడానికి అక్కరకు రాదు. మీకు కావలసింది మామూలు రెన్యువల్.

పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కు చేయాల్సిందేనన్న భయం కూడా అక్కర్లేదు. వయసు మీద ఆధారపడిన ఆ నిషేధం ఢిల్లీ పరిసరాలకు కోర్టు ఉత్తర్వులతో వచ్చింది. తప్పనిసరి తుక్కు నియమం 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వాహనాలకు వర్తిస్తోంది. సొంత బండికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 41 ప్రకారం ఆర్‌సీ 15 ఏళ్లు, ఆ తర్వాత తనిఖీలో నెగ్గితే ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగింపు. ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు. 1982 నాటి ఆర్‌సీ 1939 చట్టం కింద ఇచ్చినదైనా ఇప్పటి చట్టం దాన్ని గుర్తిస్తుంది.

మొదటి పని రికార్డు చూడటం. నాన్నగారి బండి నంబరు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. పాత మూడక్షరాల నంబర్లు చాలావరకు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. రాకపోతే బండి మొదట రిజిస్టర్ అయిన ఆఫీసుకు వెళ్లి బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (ఆఫీసు రిజిస్టరులో మీ బండి వివరాల నకలు) కావాలని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకుండా తిప్పుతుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ కాగితంలో చూడాల్సినవి: ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, పన్ను చెల్లింపు, హైపోథికేషన్, రిజిస్ట్రేషన్ రద్దయిన గుర్తు ఏదైనా ఉందా అన్నది. చివరిది అన్నిటికంటే ముఖ్యం. బండి పనికిరాదని ఎప్పుడో రాసిచ్చి సెక్షన్ 55 కింద రద్దు చేయించుకుని ఉంటే రెన్యువల్ మాటే లేదు, అది వేరే తగువు. రద్దు లేకపోతే, కంప్యూటర్‌లో ఎక్కించమని (బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు) ఒరిజినల్ ఆర్‌సీ చూపించి అర్జీ ఇవ్వండి. ఈ ఎంట్రీ పడనిదే ఆన్‌లైన్‌లో ఫీజు కట్టడానికి దారి ఉండదు.

ఎక్స్‌ట్రాక్ట్ చేతికొచ్చాక బండి దగ్గర కూర్చోండి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద స్టీరింగ్ హెడ్ మీద, ఇంజిన్ నంబరు క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు పెట్టె) మీద ఉంటాయి. కిరోసిన్ తడిపిన గుడ్డతో మడ్డి తుడిచి, పల్చటి కాగితం అద్ది, మెత్తటి పెన్సిల్ పక్కవాటుగా రుద్దితే అంకెలు తేలతాయి. ఎమరీ పేపరు, వైర్ బ్రష్, గ్రైండర్ దగ్గరికి రానివ్వొద్దు. 3కీ 8కీ, 1కీ 7కీ మధ్య అనుమానం వచ్చేంత తుప్పు ఉంటే గీకకుండా అలాగే ఫొటో తీసి ఆఫీసుకు చూపించండి. వాళ్ల అనుమతితో మళ్లీ పంచ్ చేయించుకోవచ్చు. మీ అంతట మీరు పంచ్ కొట్టిస్తే, ఎంత నిజాయితీగా కొట్టించినా, దొంగబండి నంబరు మార్చినట్టే కనిపిస్తుంది. ఫ్రేమును సాండ్‌బ్లాస్టింగ్‌కి పంపేటప్పుడు నంబరున్న చోట మందంగా టేపు చుట్టించండి. పౌడర్ కోటింగ్ పొర లోతు తక్కువైన అంకెలను పూడ్చేస్తుంది, ఇన్‌స్పెక్టర్ గోటితో గీకి చూసేది అక్కడే.

ఇక వారసత్వం. సెక్షన్ 50(2), రూల్ 56 ప్రకారం యజమాని పోయిన 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లోగా ఫారం 31 (వారసుడి పేరుకు మార్చమనే దరఖాస్తు) ఇవ్వాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. దానివల్ల హక్కేమీ పోదు, ఆలస్యానికి జరిమానా కట్టాల్సి వస్తుంది, అంతే. ఫారం 31తో పాటు మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న నోటరీ అఫిడవిట్లు, ఒరిజినల్ ఆర్‌సీ పెట్టాలి. ఆర్‌సీ పోయిందంటే పోలీసు ఫిర్యాదు కాపీ, ఫారం 26 (డూప్లికేట్ ఆర్‌సీ దరఖాస్తు) అదనం. ఎక్కువమంది మరిచిపోయే సంతకం నాన్నమ్మది. హిందూ వారసత్వ చట్టం 1956లో కొడుకు, కూతురు, భార్యతో సమానంగా చనిపోయిన వ్యక్తి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. పెళ్లయిపోయిందని చెల్లెల్ని వదిలేయడం కూడా కుదరదు. మోటార్‌సైకిల్ చరాస్తి కాబట్టి ఈ అఫిడవిట్లకు సబ్-రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్ అవసరం లేదు.

కొన్ని ఆఫీసుల్లో కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటారు. భారత వారసత్వ చట్టం 1925 కింద అది రావలసిన బాకీలకు, సెక్యూరిటీలకు ఇచ్చేది. బండి ఆ రెండింటిలో ఏదీ కాదు. వారసులంతా ఒక్కమాట మీద ఉన్నప్పుడు దానికోసం కోర్టు ఫీజు కట్టుకుని నెలలు తిరగనక్కర్లేదని మర్యాదగా, రాతలో చెప్పండి.

హైపోథికేషన్ ఎప్పుడో తీరిన అప్పే అయినా కాగితం మీద బతికే ఉంది. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (తాకట్టు తీరిందన్న నోటీసు) లేకుండా పేరు మారదు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది కాబట్టి ఆ పాత బ్రాంచి స్థానంలో ఉన్న యూనియన్ బ్యాంక్ బ్రాంచికే అర్జీ ఇవ్వాలి. నలభై ఏళ్ల కిందటి లెడ్జర్ దొరకదు. ‘మా రికార్డుల ప్రకారం ఈ వాహనంపై బాకీ ఏదీ లేదు’ అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చినా సరిపోతుంది. ఈ పని నెమ్మదిగా సాగుతుంది, అందుకే మొదటి వారంలోనే మొదలుపెట్టండి.

రెన్యువల్‌కు ఫారం 25. నాన్నగారు సంతకం పెట్టలేరు కాబట్టి ‘ముందు రెన్యువల్ చేయించుకు రండి, ఆ తర్వాత పేరు మారుస్తాం’ అంటే అది అయ్యే పని కాదు. ఫారం 31, ఫారం 25 ఒకే ఫైలుగా ఇచ్చి రసీదు తీసుకోండి. 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు సవరణతో రూ. 2,000 అయింది. ఆలస్యానికి నెలకు రూ. 300 చొప్పున అదనపు ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చలాన్ తీసుకున్నప్పుడు ఏ నెల నుంచి లెక్కించారో చూడండి. 2007 నుంచి ఈ రేటు వేస్తే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ప్రత్యేకంగా చెబితే తప్ప ఫీజు నియమం వెనకటి కాలానికి వర్తించదు. పైన గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) ఉంటుంది, అది రాష్ట్రాన్ని బట్టి.

ఇప్పుడు ఇంజిన్. సెక్షన్ 55(5) చూడండి: బండి మీదున్న ఇంజిన్ నంబరు గానీ ఛాసిస్ నంబరు గానీ ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా ఉంటే, యజమాని వాదన విని, రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి. ‘చేయవచ్చు’ కాదు, చేయాలి. తుక్కు దుకాణంలో దొరికిన ఇంజిన్ అదే మోడల్‌దైనా నంబరు వేరు. దాని వెనక దొంగతనం కేసు ఉందని తేలితే, దొంగసొత్తు అని తెలిసే కొన్నారన్న ఆరోపణ మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 మీ మెడకు చుట్టుకోవచ్చు. మార్చక తప్పదంటే బిగించకముందే ఆర్‌టీఓ అనుమతి అడగండి. అమ్మినవాడి బిల్లు, గుర్తింపు కాగితం, ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్‌సీ వివరాలు ఫైల్లో ఉండాలి. ఆ తర్వాత కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

నా ఉద్దేశంలో అంతదూరం వెళ్లనక్కర్లేదు. ఏళ్లతరబడి నిలిచిన టూ-స్ట్రోక్‌లో ఎక్కువగా పట్టేసేది పిస్టన్, సిలిండర్ బ్లాక్ మధ్యనే. బ్లాక్, పిస్టన్, రింగులు, క్రాంక్, బేరింగులు, ఆయిల్ సీళ్లు ఏవి మార్చినా నంబరు జోలికి పోనట్టే. నంబరు ఉన్నది క్రాంక్‌కేస్ మీద, దాన్ని కాపాడుకుంటే చాలు. పగిలినా అల్యూమినియం వెల్డింగ్ చేయించవచ్చు. నంబరున్న సగం ఉంచి రెండో సగం వేరే ఇంజిన్‌ది జత చేద్దామని మెకానిక్ అంటే జాగ్రత్త: రెండు సగాలనూ ఫ్యాక్టరీలో జంటగానే మెషిన్ చేస్తారు. జంట మారితే మెయిన్ బేరింగుల గీత కలవక క్రాంక్ బిగుసుకుంటుంది, సీళ్లు త్వరగా పోతాయి.

రూపం విషయంలోనూ అంతే. చట్టప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండి ఉండకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ట్యాంకు రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోండి. అందం కోసం చీర గార్డు పీకేయడం అలవాటైపోయింది. రూల్ 123 వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలిమెట్టు, చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలంటుంది, తనిఖీలో అది అడుగుతారు.

కాలుష్య పరీక్షలో పాత బండిని బీఎస్-6 కొలతతో చూడరు. 2000 మార్చి 31కి ముందు తయారైన టూ-వీలర్‌కు రూల్ 115లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం వరకు అనుమతి. ఫెయిలైతే కారణం తరచుగా సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిలు, మసి. దాన్ని విప్పి శుభ్రం చేయించి, ఇంజిన్ బాగా వేడెక్కాక పరీక్షకు పెట్టండి.

తనిఖీకి బండిని నడుపుకుంటూ వెళ్లొద్దు, ట్రాలీ ఆటోలో వేయించండి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారికే రూ. 2,000 నుంచి 5,000, ఇన్సూరెన్స్ లేకపోతే సెక్షన్ 196 కింద రూ. 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు. ఇవి చిన్నవి. ట్రయల్ అని సందు చివరిదాకా పోయి ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ వేసే పరిహారం మీ జేబు నుంచే కట్టాలి, దానికి పైపరిమితి లేదు. పాలసీ తీసుకున్నా రిజిస్ట్రేషన్ చెల్లని బండికి బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించడం సరైనదేనని 2014లో, మళ్లీ 2021లో సుప్రీంకోర్టు అంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రం ఫైలుతో పాటే కావాలి. 150 నుంచి 350 సీసీ బండికి 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రీమియం రూ. 1,366, పన్ను వేరు. మరణ ధ్రువపత్రం చూపించి మీ పేరుతోనే తీసుకోండి. పోయినవారి పేరిట తీసుకున్న పాలసీ అవసరమైన రోజున తగువుకే పనికొస్తుంది.

ఆఫీసులో ‘ఇది కాదు’ అని నోటిమాటగా పంపేస్తే వెనక్కి రావద్దు, కారణం రాసివ్వమనండి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు. ఉత్తర్వూ ఇవ్వక, ఫైలూ కదపకపోతే దరఖాస్తు రసీదుతో హైకోర్టులో రిట్ వేయవచ్చు. అందుకే ప్రతి కాగితం మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.