వంగే ప్లాస్టిక్ రెయిలింగ్‌లకు పెయింట్ పట్టాలంటే

హెచ్ఓ సైజు (అసలుదానిలో 87వ వంతు) మోడల్ రైలింజిన్ బాడీ మీద పెయింట్ బాగానే ఉంది, హ్యాండ్‌రెయిల్స్ మీద మాత్రం వేలు తగిలితే రాలిపోతోంది, ఏం చేయాలని ఒకరు అడిగారు. నాదీ అదే కథ. మాది కాజీపేట. డీజిల్ షెడ్ ఇంజిన్లు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి నా 1:87 మోడల్‌ రెయిలింగ్‌కి పసుపు రంగు వేయాలని మోజు. రాత్రంతా ఆరబెట్టి పొద్దున కొంచెం వంచి చూశానో లేదో, చీమ తలంత పెచ్చులు టేబుల్ మీద రాలాయి.

తప్పు పెయింట్‌ది కాదు. బాడీ సాధారణంగా పాలీస్టైరిన్ లేదా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. లాకర్ (lacquer) పెయింట్‌లోని థిన్నర్ దాన్ని కాస్త కరిగించి అతుక్కుంటుంది. సన్నటి రెయిలింగ్‌లు విరగకుండా చాలా కంపెనీలు ఎసిటాల్ అనే వంగే ప్లాస్టిక్ వాడతాయి, డెల్రిన్ అనేది అందులో ఒక బ్రాండ్. థిన్నర్ దాన్ని ఏమీ చేయలేదు, అందుకే పెయింట్‌కి పట్టు దొరకదు. పైగా అచ్చులోంచి ఊడిరావడానికి వాడిన జిడ్డు కూడా ఉండొచ్చు.

దారి చూపింది హన్మకొండలో కారు బంపర్లకు రంగేసే మేస్త్రీ. "బంపర్ కూడా వంగేదే కదన్నా, ప్లాస్టిక్ ప్రైమర్ లేకుంటే పెయింట్ ఆగుతదా?" అన్నాడు. రంగుకి పట్టు కోసం ముందు వేసే పూత అది.

ముందు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కడిగాక నీళ్లు ముత్యాల్లా జారిపోతే జిడ్డు ఇంకా ఉండొచ్చు, మళ్లీ కడగండి. నాకు మూడుసార్లు పట్టింది. అయితే ఈ ప్లాస్టిక్ మీద నీళ్లు పూర్తిగా పొరలా పరుచుకోవు, దానికోసం కూర్చోకండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇక చేత్తో ముట్టకండి, ట్వీజర్‌తోనే పట్టుకోండి. వాటర్ పేపర్ (రుద్దే గరుకు కాగితం) జోలికి వెళ్లొద్దు, సన్నటి రెయిలింగ్ మీద నూగు లేస్తుంది, నేను ఒకటి అలాగే పాడుచేశాను.

వంకరలు ఉంటే ప్రైమర్‌కి ముందే సరిచేయండి. ఆ ప్రైమర్ బంపర్ల కోసం చేసింది, బాడీ మీద పడితే కరగొచ్చు. అందుకే రెయిలింగ్ విడిగా ఉన్నప్పుడే పలుచగా ఒక కోటు వేయండి. పైన యాక్రిలిక్ పలుచగా రెండు కోట్లు చాలు, ఎనామిల్ కన్నా బాగా వంగుతుంది. మే నెల మధ్యాహ్నం మన దగ్గర స్ప్రే చేస్తే రంగు గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది, తెల్లవారుజామున చేసుకోండి.

బోగీ (ఇంజిన్ కింద చక్రాలుండే భాగం) సైడ్‌ఫ్రేమ్‌లు కూడా ఇదే ప్లాస్టిక్ అయితే, ఇరుసు దిగే రంధ్రాల్లోకి రంగు పోనివ్వకండి, చక్రాలు బిగుసుకుంటాయి. ఇంత చేసినా చేతితో ఎత్తే చోట నాది ఏడాదికి కాస్త ఊడింది, బ్రష్‌తో అద్దేశాను.