పాత నడుం నొప్పి ఉంటే ప్రమాద పరిహారం తగ్గిపోతుందా?

ప్రశ్న: నా వయసు 43. సొంతూరు ఒంగోలు. బెంగళూరు మారతహళ్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. ఐటీ రిటర్నులో ఏటా 6 లక్షల దాకా ఆదాయం చూపిస్తాను. నాలుగు నెలల క్రితం ఔటర్ రింగ్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా కారును వెనక నుంచి లారీ గుద్దింది. వెన్నులో ఎల్1 ఎముక చిట్లింది. ఎల్4-ఎల్5 డిస్కు జారి నరాన్ని నొక్కేయడంతో ఆపరేషన్ చేశారు. ఆ డిస్కు ఇబ్బంది నాలుగేళ్లుగా ఉన్నదే. షుగర్ కూడా ఉంది. లారీ ఇన్సూరెన్స్ వాళ్లు ‘నొప్పి పాతదే కదా, లోక్ అదాలత్‌లో 3 లక్షలకు రాజీ పడండి’ అంటున్నారు. నా హెల్త్ పాలసీకి 20 నెలలు. రెండు జబ్బులూ చెప్పే తీసుకున్నాను. అయినా పాత జబ్బని 4.20 లక్షల క్లెయిం తిరస్కరించారు. కోర్టులో పాత నొప్పి మాట ఎత్తొద్దని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: 3 లక్షలకు సంతకం పెట్టకండి. పాత నొప్పిని దాచకండి. ఈ రెండింటికంటే ముందు తేదీ చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల్లోపు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ గడువు అమల్లో ఉంది. మీకు మిగిలింది రెండు నెలలే. పోలీసులు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వివరమైన ప్రమాద నివేదిక పంపాలని, దాన్నే క్లెయింగా తీసుకోవచ్చని నిబంధనలున్నాయి గానీ, దాని మీద భరోసా పెట్టుకుని కూర్చోవద్దు. బెంగళూరులో ఈ కేసులు స్మాల్ కాజెస్ కోర్టు చూస్తుంది. మీ నివాసం, వ్యాపారం, ప్రమాద స్థలం అన్నీ ఇక్కడే కాబట్టి ఒంగోలు తిరగక్కర్లేదు. ఎఫ్ఐఆర్, స్పాట్ మహజరు (ప్రమాద స్థలం పంచనామా), వాహన తనిఖీ నివేదిక, వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), చార్జిషీటు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చుకోండి. పిటిషన్ ఇప్పుడే వేయాలి. రాజీ మాటలు మాత్రం ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు. నష్టం ఎంతో ఇంకా పూర్తిగా తేలకముందే మిమ్మల్ని రాజీకి తొందరపెడుతున్నారు.

ఇక అసలు విషయం. దెబ్బ తగిలిన మనిషి ముందే బలహీనుడైతే ఆ బలహీనత గుద్దినవాడికి వరం కాదు. మీ నడుము ఎలా ఉందో అలా ఉన్నప్పుడే లారీ గుద్దింది. దానివల్ల అదనంగా ఎంత పాడైందో అంతకూ వాళ్లు బాధ్యులే. అదే సమయంలో, ప్రమాదానికి ముందే ఉన్న బాధకు పరిహారం రాదు. కాబట్టి మీ కేసంతా ‘ముందు ఎలా ఉన్నాను, తర్వాత ఎలా అయ్యాను’ అన్న తేడాను కాగితాల మీద చూపించడంలోనే ఉంది.

దాస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. అడ్మిట్ అయిన రోజు డ్యూటీ డాక్టరు మిమ్మల్ని అడిగి కేస్ షీట్‌లో ‘షుగర్ ఉంది, నాలుగేళ్లుగా నడుం నొప్పి’ అని రాసే ఉంటాడు. లారీ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆసుపత్రి రికార్డును కోర్టుకు తెప్పిస్తాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క వాక్యం మీ చేతే చదివిస్తే, ఎల్1 ఎముక నిజంగా విరిగిందన్న సంగతిని కూడా జడ్జి అనుమానంతో చూస్తారు. పిటిషన్‌లో మీరే ముందుగా రాసేస్తే అతను అడగడానికి ఏమీ మిగలదు.

పాత ఎంఆర్ఐ ఫిల్ములు ఇంట్లో వెతకండి. పాతదీ, ప్రమాదం తర్వాత తీసిందీ ఒకే రేడియాలజిస్టుకు ఇచ్చి, రెండూ పోల్చి ఒకే రిపోర్టు రాయమనండి. పాతదాంట్లో డిస్కు ఉబ్బు మాత్రమే ఉండి, కొత్తదాంట్లో బయటికి జారి నరాన్ని నొక్కుతుంటే ఆ తేడా అక్కడే కనిపిస్తుంది. ఎముక విషయంలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: కొత్తగా విరిగిన వెన్నుపూస మజ్జలో వాపు ఎంఆర్ఐలో తెల్లగా మెరుస్తుంది, పాత విరుపులో ఆ మెరుపు ఉండదు. కొన్ని నెలల్లో అది తగ్గిపోతుంది కాబట్టి మొదటి వారాల్లో తీసిన స్కాన్ ప్రాణం లాంటిది. ఫిల్మే కాదు, సీడీ కూడా భద్రపరచండి.

మీలాంటివారి దగ్గర ఇంతకంటే గట్టి సాక్ష్యం మరొకటి ఉంటుంది. ప్రమాదానికి ముందు రెండేళ్ల యూపీఐ స్టేట్‌మెంటు తీయండి. రోజూ వసూళ్లు పడుతూ ఉంటే, నొప్పి ఉన్నా దుకాణం తెరిచి వ్యాపారం చేశారనడానికి అది గట్టి ఆధారం. ఆ తర్వాత దుకాణం మూతపడిన రోజులు, మీ బదులు పెట్టుకున్న వంటమాస్టరు జీతం చూపండి. ఆ జీతం చేతికివ్వకుండా బ్యాంకు ద్వారా ఇవ్వండి.

షుగర్ వల్ల పుండు మానడం ఆలస్యమైతే ఆ అదనపు రోజులకూ పైన చెప్పిన సూత్రమే వర్తిస్తుంది. కానీ ఇప్పుడు మందులు మానేసి, ఫిజియోథెరపీకి వెళ్లకపోతే ‘నష్టం ఆయనే పెంచుకున్నాడు’ అంటారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) రిపోర్టులు, ఫిజియో రసీదులు తేదీల వారీగా ఫైలు చేయండి.

వైకల్య శాతం మీకు ఆపరేషన్ చేసిన డాక్టరే ఇవ్వాలి, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. ఎప్పుడూ చూడని డాక్టరు దగ్గర కొనుక్కొచ్చిన సర్టిఫికెట్లను ట్రిబ్యునళ్లు నమ్మవు. రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో ఈ సంగతి గట్టిగానే హెచ్చరించింది. ఒంటికి ఎంత వైకల్యం అన్నది కాదు, ఆ వైకల్యం సంపాదనను ఎంత తగ్గించింది అన్నదే లెక్క అని కూడా ఆ తీర్పే చెప్పింది. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడి, గుండిగలు దించే మనిషికీ, కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికీ నడుం దెబ్బ ఒకటి కాదు. డాక్టరు సాక్ష్యంలో మీరు చేసే పని పేరు రావాలి. ‘మొత్తం ఇంత, అందులో పాతది ఇంత, ప్రమాదం వల్ల ఇంత’ అని ఆయనే విడదీసి చెబితే కంపెనీ ఇష్టమొచ్చినట్టు కోత పెట్టలేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఏడాదికి 6,00,000. సొంత వ్యాపారం, 40–50 మధ్య వయసు కాబట్టి భవిష్యత్ పెరుగుదల కింద 25 శాతం కలిపితే 7,50,000. వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెను గుణకం అంటారు, 41 నుంచి 45 ఏళ్ల వయసుకు అది 14. అంటే 1,05,00,000. సంపాదన సామర్థ్యం 15 శాతం తగ్గిందని తేలితే 15,75,000. అందులో 5 శాతం పాతదని డాక్టరు తీసేసినా, 10 శాతానికి 10,50,000. ఆసుపత్రి ఖర్చు, మంచాన ఉన్న నెలల ఆదాయం, నొప్పికి, తోడున్న మనిషికి, ముందు ముందు వైద్యానికి ఇచ్చేవి ఇందులో లేవు. శాతాలు నేను ఉదాహరణకు వేసినవే, మీవి డాక్టరు తేల్చాలి. కానీ పాత జబ్బును నిజాయితీగా తీసేసిన లెక్క కూడా 3 లక్షలకు ఎంత దూరంలో ఉందో చూడండి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. ఆరు నెలల తర్వాత మళ్లీ ఆపరేషన్ పడినా ఆ ఖర్చు మీదే.

హెల్త్ పాలసీ పోరాటం వేరే. పాత జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే పాలసీ తీసుకున్నాక వాటికి క్లెయిం ఇవ్వకుండా ఆపగల గడువు, గరిష్ఠంగా 36 నెలలే. మీకు 20 నెలలే అయ్యాయి కాబట్టి డిస్కు ఆపరేషన్ మీద వాళ్లకు వాదన ఉంది. ఎల్1 ఎముక విరగడం మాత్రం ఏ లెక్కలోనూ పాత జబ్బు కాదు. ఆసుపత్రిని అడిగి బిల్లును రెండుగా విడగొట్టించండి. డిస్కు జారడానికి తక్షణ కారణం ప్రమాదమేనని సర్జన్ చేత రాయించండి. వాటితో ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేయండి. నెలలో తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, జేపీ నగర్ జీవన్ సౌధకు వెళ్లండి. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అక్కడ డబ్బు వస్తే అదే బిల్లును ట్రిబ్యునల్‌లో రెండోసారి లెక్కేసుకోకండి. 2025లో బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ హెల్త్ పాలసీ (మెడిక్లెయిం) సొమ్మును ప్రమాద పరిహారంలోంచి తగ్గించకూడదన్నా, కర్ణాటక హైకోర్టు తీర్పుల్లో తగ్గించాలనే ఉంది. ఒరిజినల్ బిల్లులు పాలసీ కంపెనీకి ఇచ్చేముందు ఆసుపత్రి ముద్రతో ఇంకో సెట్టు తీసుకోండి.

చాలామంది తక్కువకు రాజీ పడేది చట్టం తెలియక కాదు, నెల తిరిగేసరికి ఈఎంఐ, దుకాణం అద్దె ముందుకొచ్చి. కేసు తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. అందుకని ఏడాది ఇంటి ఖర్చుకు ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకోండి, చేబదుళ్లకంటే, పర్సనల్ లోన్‌కంటే అదే చవక. టర్మ్ పాలసీ ఉంటే దాని ప్రీమియం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి. షుగర్‌తో, ఈ ఆపరేషన్‌తో మీకు కొత్త పాలసీ దొరకడం కష్టం.