ఓడిన పుంజు జుట్టు ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా పెరట్లో రెండేళ్లుగా ఒక డేగ పుంజు (ఎర్ర ఈకలది), ఆరు పెట్టలు ఉన్నాయి. సంక్రాంతి వెళ్లాక మా బావమరిది ఒక కాకి పుంజుని (నల్ల ఈకలది) తెచ్చి ఇచ్చాడు. రెండూ మూడు రోజులు కొట్టుకున్నాయి, పాతది ఓడిపోయింది. నెల దాటింది, గింజలు తింటూనే ఉంది కానీ తల మీద జుట్టు చిన్నదైపోయింది, ఎరుపు కూడా తగ్గింది. మా అమ్మేమో దిష్టి అంటోంది. జబ్బేమైనా చేసిందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: దిష్టి కాదు లెండి. ముందు ఈకలు విడదీసి పేలున్నాయేమో చూడండి, రెట్ట తీసుకెళ్లి పశువుల డాక్టరుకి చూపించండి, ఎందుకంటే కడుపులో పురుగులున్నా, రక్తం తగ్గినా జుట్టు పాలిపోతుంది. అవేవీ లేవంటే మాత్రం కారణం ఆ కాకి పుంజే.

ఈక ఒకసారి పెరిగాక, అది రాలి కొత్తది వచ్చేదాకా అలాగే ఉంటుంది. జుట్టు అలా కాదు. అది రక్తం పారే మెత్తటి తోలు, ఒంట్లో మగ హార్మోను టెస్టోస్టెరాన్ ఎంత ఉంటే అంత నిగనిగలాడుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. 1849లో, హార్మోను అనే మాటే పుట్టని రోజుల్లో, జర్మనీలో బెర్తోల్డ్ అనే ఆయన చిన్న పుంజులకి వృషణాలు తీసేస్తే జుట్టూ పెరగలేదు, కూతా రాలేదు. తీసిన వృషణాన్ని మళ్లీ పొట్టలో పెట్టిన పుంజులు మాత్రం మామూలు పుంజుల్లాగే ఎదిగి కూశాయి, కొట్లాడాయి. మీ డేగ ఒంట్లో అన్నీ ఉన్నాయి, కానీ రోజూ ఇంకో పుంజుకి జడిసి మూలన తిరుగుతుంటే ఆ హార్మోను పడిపోతుంది. జుట్టు పెద్దదైతే గెలుస్తుందని మనవాళ్లు చూసి చెబుతారు కదా, గెలిచాక జుట్టు పెరగడం కూడా ఉంది.

అనుమానం తీరాలంటే రేపు తెల్లవారుజామున లేచి ముందు ఏది కూస్తుందో వినండి. ఒకే చోట పెంచిన పుంజుల్లో అన్నిటికంటే ముందు పెత్తనం చేసేది కూస్తుందని, మిగతావి హోదా వరసలో ఆగి కూస్తాయని, ఆ పెత్తందారుని తీసేస్తే రెండోది అందుకుంటుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. (మీకు నిద్ర చెడుతుంది, తప్పదు.)

ఆరు పెట్టలకి రెండు పుంజులంటే ఒకే ఒరలో రెండు కత్తులే. డేగకి రెండు పెట్టల్ని తోడిచ్చి, కాకి కంటపడని చోట విడిగా ఉంచండి, ఒంటరిగా గంప కింద మూసెయ్యకండి. కొన్ని వారాల్లో జుట్టులో తేడా కనిపించాలి. స్థలం లేకపోతే ఏదో ఒకదాన్ని ఇచ్చెయ్యాల్సిందే, అది బావమరిది ఇచ్చినదైతే ఆయనకెలా చెప్పాలో మీరే చూసుకోవాలి, అందులో నేను వేలు పెట్టను.